మా ఆయన ఫోనులో వేసిన వల

కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి. పొయ్యి మీద పనేదైనా ఉంటే సెగ తగ్గించి రండి. ఇది నలుగురిలో గట్టిగా చెప్పుకునే సంగతి కాదు, పక్కన కూర్చున్నవాళ్ళకు మెల్లగా చెప్పుకునేది. నేను పెద్దగా చదువుకోలేదు, అక్షరం అక్షరం కూడబలుక్కుని రాస్తాను. కానీ చూసినదీ విన్నదీ మరిచిపోను. అందుకే మా ఇంట్లోకి వచ్చిన జబ్బు గురించి మొదటి నుంచీ చెప్పగలనని ధైర్యం చేస్తున్నాను.

మాది మైపాడు పక్కన సముద్రం ఒడ్డునే ఉండే పాళెం. నా పేరు మస్తానమ్మ, మా ఆయన పేరు పోలయ్య. ఒక్కతే కూతురు, పెళ్ళయి కావలిలో కాపురం ఉంటోంది. మా ఆయన గోవిందు అనే ఆయన పడవలో వేటకు పోతాడు. గోవిందు మా ఆయనకు మేనత్త కొడుకు, నేను అన్నా అని పిలుస్తాను. మాలో పడవ ఒకరిదైనా వలలు ఎవరివి వాళ్ళవే. పడిన చేపలో మనిషికి ఒక పాలు, వలకు ఒక పాలు వస్తుంది.

ఏదో తేడాగా ఉందని నాకు మొదట అనిపించిన రోజు వేట బాగా పడింది. వంజరం చేపలు. ఆడవాళ్ళమంతా గంపలు పట్టుకుని ఒడ్డున నిలబడి ఉన్నాం. పడవను ఇసుక మీదికి లాగాలంటే ఎక్కినవాళ్ళందరూ దిగి భుజం పెట్టాలి. అందరూ పెట్టారు. మా ఆయన మాత్రం మాకు వీపు పెట్టి పక్కన నిలబడి, తడవకుండా చుట్టుకున్న ప్లాస్టిక్ కవరులోంచి ఫోను తీస్తున్నాడు.

"ఏంది బావా, నీ భుజానికి ఇయ్యాల సెలవా?" అన్నాడు గోవిందన్న. అందరూ నవ్వారు. మా ఆయన నవ్వలేదు.

నేను దగ్గరికి పోయి, "ఎంత పెద్ద చేపలు పడినాయో చూడయ్యా" అన్నాను.

"చూస్తుండాలే" అన్నాడు. చూసింది ఫోనును. తర్వాత తలెత్తి చేపల వైపు ఒకసారి చూశాడు. అవి వేరే ఊరివాళ్ళ చేపలన్నట్టు చూశాడు. పెళ్ళయిన నాటి నుంచి ఆ మనిషిని చూస్తున్నాను. మంచి చేప పడితే దాన్ని బిడ్డను ఎత్తినట్టు ఎత్తి చూపించే మనిషి. ఆ చూపు నాకు కొత్త.

అప్పుడే అడిగి ఉండవచ్చు కదా అని మీరు అనుకోవచ్చు. మా పాళెంలో ఒక పద్ధతి ఉంది. సముద్రం నుంచి వచ్చిన మనిషి మొహం బాగాలేకపోతే ఆడది ఏమీ అడగదు. అడిగితే మరుసటి వేట కూడా పాడవుతుందని నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే మా అత్త చెప్పింది. కాళ్ళకు నీళ్ళివ్వాలి, అన్నం పెట్టాలి, గమ్మున ఉండాలి. మంచి పద్ధతే అది. ఒట్టి చేతులతో వచ్చిన మగవాడి సిగ్గును ఇల్లు కాపాడాలని పెద్దలు పెట్టారు. కానీ ఆ సిగ్గు సముద్రం నుంచి వచ్చిందా ఇంకెక్కడి నుంచైనా వచ్చిందా అని మాకెవరికీ తెలియదు కదా.

ఆ తర్వాత ఆయన అన్నం సగంలో వదిలేసి లేవడం మొదలుపెట్టాడు. ఇంటి వెనక బోర్లించిన పాత పడవ చాటున కూర్చునేవాడు. నిద్ర తగ్గింది. కూర్చున్నచోటే చెమటలు పోసేవి. వల అల్లే సూది వేళ్ళలోంచి జారిపోయేది. చొక్కా వదులైపోయింది. ఏదైనా అంటే కసిరేవాడు, కసిరి మళ్ళీ తనే తల పట్టుకునేవాడు. నేను అమ్మవారి గుడి నుంచి తాడు తెచ్చి చేతికి కట్టాను. ఊళ్ళో సూదులు వేసే ఆయన చూసి గ్యాస్ ట్రబుల్ అని మాత్రలిచ్చాడు. అవి మింగినా తగ్గకపోతే బస్సెక్కి నెల్లూరు పోయాం. అక్కడ రక్తం తీశారు, ఛాతీకి తీగలు పెట్టి ఈసీజీ తీశారు.

"ఈసీజీ నార్మల్. షుగర్ లేదు. బీపీ కొద్దిగా ఎక్కువుంది. ఏమైనా టెన్షన్ ఉందా?" అని అడిగాడు డాక్టరు.

"ఏం లేదు సార్. సముద్రం గాలికే" అన్నాడు మా ఆయన.

డాక్టరు నా వైపు చూశాడు. నేను చెప్పడానికి నాకేం తెలుసు? తిరిగొచ్చేటప్పుడు నార్మల్ అన్న మాటను బస్సులో మూటగట్టుకుని తెచ్చుకున్నాను. ఆయన మాత్రం దారి పొడవునా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు. మనిషి పక్కన ఉండగానే ఒంటరిగా ఉండటమంటే ఏమిటో ఆ బస్సులో మొదటిసారి తెలిసింది.

ఎండాకాలంలో వేట నిషేధం వచ్చింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని మమ్మల్ని సముద్రంలోకి పోనివ్వరు. ఆ రోజుల్లో మగవాళ్ళంతా వలలు బయట పరిచి చినుగులు బాగు చేసుకుంటారు. మా ఆయన పరచలేదు. "రేపు చేస్తా" అంటాడు, రేపు వస్తే మళ్ళీ రేపంటాడు. ఒక పొద్దున నేనే వలల పాకలోకి పోయాను. పట్టా ఎత్తాను. పైన పాత వల కనబడింది. దాన్ని లాగితే తేలిగ్గా వచ్చేసింది. మాకు వల బరువు చేతికి తెలుస్తుంది. కింద కొబ్బరి మట్టలూ పాత తాళ్ళూ కుక్కి ఉన్నాయి. కొత్త వలలు లేవు.

ఇంటికి వచ్చాను. ఆయన వాకిట్లో కూర్చుని ఉన్నాడు. ఆ రోజు నేను అడిగాను.

"వలలు యాడ?"

"పోయినాయి మే."

"సముద్రంలోనా?"

"సముద్రంలో పోయుంటే బాగుండు" అన్నాడు. ఫోను తీసి నా ఒళ్ళో పెట్టాడు. అందులో పేకముక్కలు మెరుస్తూ ఉన్నాయి, పండగ పందిరిలాగా. "అమ్మేసినా. దీంట్లో పోయినాయి."

నాకు ముందు అర్థం కాలేదు. "దీంట్లో ఏం పడతాయని వేసినావయ్యా?"

"మొదట్లో పడింది మే. అబద్ధం కాదు, పడింది. తర్వాత పోయింది. పోయినదాన్ని తెచ్చుకుందామని వేస్తా, అదీ పోతుంది. మానేద్దామని రోజూ అనుకుంటా. చెయ్యి వినదు."

అని ఏడ్చాడు. వలలు కాక ఇంకేమేం పోయాయో ఇక్కడ చెప్పను. జబ్బు గురించి మాట్లాడుకుంటున్నాం, సొత్తు గురించి కాదు.

నేను ఎవరికీ చెప్పలేదు. కూతురికి కూడా చెప్పలేదు, అత్తగారింట్లో దాని తల వంగుతుందని. ఆ రోజుల్లో మా పాళెం చూడటానికి వచ్చే ఆశా కార్యకర్తను మాత్రం పక్కకు పిలిచి, నాకు తెలిసిన వాళ్ళ ఇంట్లో ఇలా ఉందని అడిగాను. ఆమె తెలివైన మనిషి. నా మొహం చూసి ఎవరిల్లని అడగలేదు. "నెల్లూరులో సైకియాట్రీ ఓపీ ఉందక్కా, ఇట్టాంటివి వాళ్ళే చూస్తారు. ఆ ఇంట్లోవాళ్ళను జాగు చేయొద్దని చెప్పు" అన్నది.

మా ఆయన ఎగిరిపడ్డాడు. "నాకేం పిచ్చా?"

"పిచ్చో మంచో వాళ్ళే చెప్తారు. నేను గూడా వస్తుండా గదా, పా."

డాక్టరమ్మ చిన్న వయసుది. కూర్చోబెట్టి తొందర లేకుండా అడిగింది. ఎప్పటి నుంచి, ఎంతసేపు, ఆడకపోతే ఒంట్లో ఎలా ఉంటుంది, ఎవరికైనా అబద్ధం చెప్పాడా, ఎప్పుడైనా చచ్చిపోవాలనిపించిందా. చివరి ప్రశ్నకు ఆయన తల దించుకుని లేదన్నాడు. అంతా విన్నాక ఆమె అన్నది.

"దీన్ని గ్యాంబ్లింగ్ డిజార్డర్ అంటాం. తాగుడు ఎలా అలవాటవుతుందో బ్రెయిన్‌కు ఇదీ అలాగే అలవాటవుతుంది. నువ్వు చెడ్డవాడివి కాదు. నీకు జబ్బు వచ్చింది. ట్రీట్‌మెంట్ ఉంది."

మా ఆయన, "అమ్మా, నేను సముద్రం మీద బతికే మనిషిని. ఇయ్యాల పడకుంటే రేపు పడుద్దని వల వేస్తాం. ఓపిగ్గా వేసినోడికి పడక తప్పదు. ఇదీ అంతే గదా అనుకున్యా" అన్నాడు.

"సముద్రానికి నువ్వెవరో తెలియదు పోలయ్యా. ఆ ఆటకు నువ్వు బాగా తెలుసు. నువ్వెప్పుడు విసుగుపడి లేస్తావో కనిపెడుతుంది. సరిగ్గా అప్పుడు కాస్త ఇస్తుంది, మళ్ళీ కూర్చుంటావు. దాన్ని అలా తయారు చేశారు."

ఈ మాట మా ఆయనకు తగిలింది. సముద్రంలోలాగే ఓపిక పట్టాననుకున్నాడు పాపం. చదువుకున్నవాళ్ళు ఆశకు పోయి పడితే, మావాళ్ళు ఓపికకు పోయి పడ్డారు.

ఆమె నా వైపు తిరిగి, "మీరు అడిగేవారు కాదా?" అన్నది.

"మాలో అడగకూడదమ్మా, వేటకు మంచిది కాదు."

"సముద్రం నుంచి వచ్చినప్పుడు అడగొద్దు. ఫోను నుంచి వచ్చినప్పుడు అడగండి" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఎన్నాళ్ళకో నవ్వాను.

మందులు మొదలయ్యాయి. నిద్రకు ఒకటి, మనసు కుదురుకోవడానికి ఒకటి. వారం వారం కౌన్సెలింగ్. పెద్ద ఫోను తీసేసి బొత్తాల ఫోను పెట్టుకున్నాం. అలవాటు మానేటప్పుడు పడే బాధను విత్‌డ్రాయల్ అంటారట, అదేమిటో అప్పుడు చూశాను. ఊరికే జేబు తడుముకునేవాడు. ఒక మధ్యాహ్నం అన్నం కంచాన్ని గోడకు కొట్టి, వెంటనే మెతుకులన్నీ తనే ఏరాడు. "నన్ను కట్టేయి మే" అన్నాడు. నేను పక్కన కూర్చుని చేయి పట్టుకున్నాను. గోడ అవతల పక్కింటివాళ్ళు నవ్వుకుంటూ తింటూ ఉండేవాళ్ళు. మా ఇంట్లో చేపలకూర వాసన కూడా పైకి లేవనట్టు ఉండేది.

అలా ఉండగా డబ్బు పెట్టి ఆడే ఫోను ఆటలన్నిటినీ ఆపుతూ ఢిల్లీలో చట్టం చేశారని టీవీలో చెప్పారు. ఆయన ఆడే పేకాట నిజంగానే తెరుచుకోవడం మానేసిందని టీ కొట్టు దగ్గర మగవాళ్ళు అనుకుంటుంటే విన్నాను. అమ్మవారికి దీపం పెట్టాను. డాక్టరమ్మకు చెబితే ఆమె కూడా సంతోషించింది, కానీ ఒక మాట అన్నది.

"చాలా మంచిది. కొత్తగా పడేవాళ్ళు తగ్గుతారు. కానీ ఇప్పటికే జబ్బున్నవాళ్ళను వెతుక్కుంటూ దొంగదారిన వచ్చేవి ఉంటాయి. ఆడాలన్న క్రేవింగ్ లోపలే ఉంటుంది కదా. రిలాప్స్ అయినా, అంటే మళ్ళీ ఆడినా, భయపడొద్దు, దాచొద్దు, తీసుకురండి."

ఇక్కడ మా పాళెం సంగతి చెప్పాలి. మా దగ్గర పెద్దలు దురాయి వేస్తారు. దురాయి అంటే పాళెం అంతటికీ కట్టడి. ఫలానా పని చేయకూడదు, చేస్తే తప్పు కట్టాలి అని దండోరా వేయిస్తారు. ఈ ఫోను ఆట ఇంకా కొన్ని ఇళ్ళలో ఉందని బయటపడింది. చట్టం వచ్చిందని తెలిసి పెద్దకాపు, అంటే మా పెద్దలందరికీ పెద్ద, దురాయి వేశాడు. ఫోనులో డబ్బు పెట్టి ఆడినవాడు పడవ ఎక్కకూడదు. వాడి ఇంటివాళ్ళతో ఎవరూ మాట్లాడకూడదు. పాళెం మంచికే వేశారు. దండోరా విని నేను కూడా మంచిదేననుకున్నాను.

వేట నిషేధం అంతకు ముందే అయిపోయింది, మా ఆయన మాత్రం ఒడ్డునే ఉన్నాడు. మా వలలు లేవని తెలిసి గోవిందన్న తన వలలు కొన్ని ఇచ్చి మా ఆయన్ను పడవలో పెట్టుకున్నాడు. కొన్నాళ్ళు బాగుంది. మళ్ళీ ఒంటికి రంగు వచ్చింది. ఆ తర్వాత ఐసు లారీ దగ్గర ఒక మనిషి పరిచయమయ్యాడు. బయటి ఊరివాడు. ఏదో లింకుతో కొత్త ఆట ఒకటి వాడి ఫోనులో ఉంది. చిన్న విమానం పైకి పోతూ ఉంటుందట, అది మాయమయ్యే లోపల బయటపడాలట. "నీ ఫోను అక్కర్లేదు అన్నా, నా దాంట్లోనే ఆడు" అన్నాడట. వాడికి ఆడించినందుకు కమీషను ముడుతుంది. మా ఆయన వద్దని పోయి, మళ్ళీ వచ్చి, వద్దని పోయి, మళ్ళీ వచ్చాడు. ఎవరో చూసి పెద్దకాపుకు చెప్పారు.

పెద్దల ముందు నిలబెట్టారు. మా ఆయన దాచలేదు. "ఆడినా" అన్నాడు. పడవ ఎక్కొద్దన్నారు. మాటలు ఆపేశారు.

మాట్లాడకపోతే ఏమవుతుందిలే అనుకుంటాం. చేపలు నింపిన గంపను తలకెత్తుకోవాలంటే ఇంకొకరి చేయి కావాలి. పొద్దున ఒడ్డున ఆడవాళ్ళం ఒకరి గంపకు ఒకరం చేయి వేసుకుంటాం, ఆ వేసేటప్పుడే నాలుగు మాటలు చెప్పుకుంటాం. ఆ దురాయి తర్వాత నేను గంప ముందు నిలబడితే ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నేను గంపను ఈడ్చుకుంటూ పోయి, ఐసు పెట్టె మీదికి సగం సగంగా ఎక్కించి, కింద మోకాళ్ళ మీద కూర్చుని తల పెట్టి లేచేదాన్ని. మెడ నరం పట్టేసింది. అది ఎవరికి చెప్పను? ఆటోలో కూడా నా పక్కన చోటు ఖాళీగా ఉండేది.

ఒక పొద్దున నేను గంపతో బయలుదేరుతుంటే మా ఆయన గుమ్మంలో నిలబడి, "నేను లేకుంటే నీతో అందురూ మాట్లాడతారు గదా మే" అన్నాడు. మామూలుగా అన్నాడు, ఉప్పు తక్కువైందని చెప్పినట్టు. నేను గంప అక్కడే దింపాను. ఆ పూట చేపలు కాకులు తిన్నాయో కుక్కలు తిన్నాయో తెలియదు. ఆయన చేయి పట్టుకుని ఆటో ఎక్కించి నెల్లూరు తీసుకుపోయాను.

చచ్చిపోవాలనిపిస్తోందా అని డాక్టరమ్మ ఆయన్నే నేరుగా అడిగింది. ఈసారి ఆయన అవునన్నాడు. "చెప్పావు, మంచి పని చేశావు. అడ్మిట్ చేద్దాం. ఒంటరిగా వదలొద్దు" అని నర్సుకు చెప్పింది. వార్డులో ఆయన నిద్రపోయాక, మా పాళెం దురాయి సంగతి చెప్పాను. ఆమె చేతిలోని పెన్ను కింద పెట్టేసింది.

"ఈ జబ్బుకు ఒంటరితనమే పెద్ద ట్రిగర్ మస్తానమ్మా. మందులు నేనిస్తాను. మనుషుల్ని ఎక్కడి నుంచి తెచ్చివ్వను?"

ఆ మాట నాతో పాటు పాళెం దాకా వచ్చింది. కూతురికి అప్పుడు ఫోను చేసి అంతా చెప్పాను. అది తిడుతుందనుకున్నాను. "ముందే ఎందుకు చెప్పలేదమ్మా" అని ఏడ్చి, బస్సెక్కి వచ్చి నాన్న దగ్గర కూర్చుంది. నేను పాళెం వచ్చి పెద్దల కూటానికి పోయాను. ఐసు షెడ్డు కింద మగవాళ్ళు మాత్రమే కూర్చునే చోటది.

"ఏమ్మా, ఆడోళ్ళు వచ్చే చోటా ఇది?" అన్నాడు పెద్దకాపు.

"మాట్లాడేదానికి ఇంకెవురూ లేరన్నా. అందుకే మీ కాడికే వచ్చినా."

వెనక నుంచి ఎవరో, "మొగుడు ఫోన్లో పోగొట్టె, పెళ్ళాం నోటితో రాబట్టుకుందామని వచ్చినట్టుండాది" అన్నారు. నవ్వులు.

నేను పెద్దకాపు వైపే చూసి అడిగాను. "అన్నా, సన్నకన్ను వల వేసి పిల్లచేపల్ని గూడా ఊడ్చేసినోడిని ఏం చేస్తారు?"

"వల గుంజుకుంటాం. నీకు తెలీదా?"

"మనిషిని?"

"మనిషినేం చేస్తాం? పొద్దున్నే ఇంకో పడవలో పోతాడు."

"మా ఆయన ఫోనులో వేసిన వలను చట్టమోళ్ళు గుంజుకున్నారు. మేలు చేసినారు. మీరు మనిషిని గుంజుకున్నారు."

నవ్వులు ఆగాయి. మాట వచ్చేసింది, ఇక ఆపలేదు. "ఎండాకాలం వేట ఆపుతారు గదన్నా, గవర్మెంటోళ్ళు సముద్రానికి తాళమేసి వాళ్ళ దావన వాళ్ళు పోతారా? ఇండ్లల్లో పొయ్యి వెలిగేదానికి ఏదో ఒకటి ఇస్తారు. మళ్ళీ ఫలానా రోజు పొండి అని చెప్తారు. మా ఆయన్ని ఏ రోజు పొమ్మని చెప్పినారు మీరు? ఆయనది జబ్బని ఆస్పత్రిలో చెప్పినారు. ఇప్పుడు వార్డులో ఉండాడు. ఫోనిచ్చి ఆడించినోడు మాత్రం లారీ కాడ కూర్చోని టీ తాగుతుండాడు. వాడి మీద దురాయి యాది?"

ముందుగా గోవిందన్న లేచాడు. "నా పడవలో వాడి చోటు అట్నే ఉండాది పెద్దాయనా. వాడు లేకుండా పోయి వస్తుంటే పడవలో పాట లేదు, అన్నీ తిట్లే. చేపలు గూడా ఆ తిట్లు విని పారిపోతుండాయి."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. పెద్దకాపు నవ్వలేదు. తుండుగుడ్డతో మొహం తుడుచుకుని, "మా తమ్ముడు తాగుడుతో పోయినాడు. అప్పుడు గూడా ఇట్నే దురాయి వేసినా" అన్నాడు. తర్వాత దురాయి మార్చాడు. ఆడించేవాడు, లింకులు తెచ్చేవాడు, ఆటకు ఫోను ఇచ్చేవాడు పాళెంలో అడుగు పెట్టకూడదు. ఆడినవాడు తనే వచ్చి నాకిట్టా ఉందని చెబితే తప్పు లేదు, ఆస్పత్రికి పోవాలి, పడవలో చోటు ఉంచాలి. మాటలు ఆపడం ఇక లేదు. వాడి పాలు మాత్రం కొన్నాళ్ళు ఇంటిదాని చేతికే ఇవ్వాలి.

అంతటితో అన్నీ చక్కబడ్డాయని చెబితే అబద్ధమవుతుంది. మాట్లాడొద్దని చెప్పినప్పుడు పాళెం మొత్తం ఒక్కరోజులో నోరు మూసుకుంది. మాట్లాడండి అని చెప్పినా అంత తొందరగా నోర్లు పెగల్లేదు. కొందరు ఇప్పటికీ నన్ను చూసి కొంగు సర్దుకుని పక్కకు తిరుగుతారు. గంపకు చేయి వేసేవాళ్ళు ఉన్నారు, కానీ ఆ నాలుగు మాటలు ఇంకా రాలేదు. చేయి వేసి వెళ్ళిపోతారు. అలవాటైపోయిందని చెప్పను. కాలేదు.

మా ఆయన వేటకు పోతున్నాడు. మాత్రలు తగ్గించారు, పూర్తిగా ఆపలేదు. కౌన్సెలింగ్‌కు ఇప్పుడు తనే బస్సెక్కి పోయి వస్తాడు. జబ్బు పోయిందా అని అడిగితే డాక్టరమ్మ, "కంట్రోల్‌లో ఉంది. అలాగే ఉంచుకుందాం" అంటుంది. కొన్ని రోజులు ఆయన మొహం మబ్బు పట్టి ఉంటుంది. అడుగుతాను. "ఇయ్యాల మనసు అటు పోయింది మే" అంటాడు. "పోయి?" అంటాను. "మళ్ళీ వచ్చింది" అంటాడు. అంతే మా మాటలు. ఇద్దరం వాకిట్లో ఊరికే కూర్చుంటాం.

మొన్నీమధ్య ఇద్దరు ఆడవాళ్ళు విడివిడిగా మా ఇంటికి వచ్చారు. ఒకామె చక్కెర కావాలని వచ్చింది, ఇంకొకామె ఏ వంకా లేకుండానే వచ్చింది. ఇద్దరూ కాసేపు అటూ ఇటూ చూసి అడిగింది ఒకటే, ఆ డాక్టరమ్మ ఏ రోజుల్లో ఉంటుందని. ఎవరింట్లోవాళ్ళకని నేను అడగలేదు. దారి చెప్పాను. తోడు కావాలంటే వస్తానని కూడా చెప్పాను.

చట్టాలు చేసే పెద్దవాళ్ళకు నా మాట చేరదు, అయినా చెబుతాను. ఆట తలుపు మూశారు, దండం పెడతాను. ఆ తలుపు బయట జేబులు తడుముకుంటూ నిలబడిపోయిన మనుషులున్నారు. మండలానికి ఒకచోటైనా వాళ్ళకు కూర్చోవడానికి ఒక కుర్చీ, వినడానికి ఒక మనిషి ఉండేటట్టు చూడండి. నెల్లూరు దాకా బస్సెక్కి వచ్చి చెప్పుకునే ధైర్యం అందరికీ ఉండదు. దొంగదారిన వచ్చే లింకులవాళ్ళను పట్టుకునే పని కూడా పాళెం పెద్దలకు వదిలేయకండి.

ఇక మీకు ఒక్కటే చెబుతాను, పనికొచ్చే మాట. మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే, కోపంలో ఫోను గుంజుకుని పగలగొట్టకండి. ఇంకొకరి ఫోను దొరుకుతుంది. మనిషి మనసు కుదురుగా ఉన్న రోజు చూసుకుని, ఇద్దరూ కలిసి బ్యాంకుకు పోండి. ఫోనుతో డబ్బు పోయే వీలును తన ఖాతాకు ఆపేయమని ఆ మనిషి చేతనే అడిగించండి. మేము అలాగే చేశాం. మీరు ఆపిస్తే అది మీ కట్టడి అవుతుంది, తనే అడిగి ఆపించుకుంటే అది తన మందు అవుతుంది. బాగున్న రోజు చేసుకున్న ఆ పని, బాగాలేని రోజు మనిషిని నిలబెడుతుంది.

ఇంతసేపు ఓపిగ్గా విన్నారు. మీ ఇంట్లో ఎసరు వేళకు మరగాలి. మీ ఆడపిల్లల పుట్టింటి దారి ఎప్పుడూ తెరిచి ఉండాలి. మీ ఇంటి నుంచి పొద్దున బయలుదేరిన మనిషి, తన మనసును కూడా వెంటబెట్టుకుని ఇల్లు చేరాలి. మీ వాకిట్లో ఎప్పుడూ ఇద్దరు మనుషుల మాటలు వినబడుతూ ఉండాలి. చల్లగా ఉండండి.